నాన్న ఫోటో ముందు కాఫీ గ్లాసు: బతుకుకు విలువ ముగింపు వల్లా, ముగింపు లేని పైలోకం వల్లా?

తులసికోట

నాన్న పోయి నాలుగు నెలలు. ఆర్టీసీలో కండక్టరుగా ముప్ఫై ఏళ్ళ పైన చేసి, రిటైరై పదేళ్ళు కూడా నిండకముందే వెళ్ళిపోయారు. అమ్మ రోజూ పొద్దున ఆరింటికి ఆయన స్టీలు గ్లాసులో కాఫీ పోసి ఫోటో ముందు పెడుతుంది. చల్లారాక ఆ కాఫీ తనే తాగుతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేని పని.

మొన్న నాలుగో మాసికానికి తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చాడు. పంతులుగారు చెప్పినవన్నీ నోరెత్తకుండా చేశాడు. మర్నాడు పొద్దున గ్లాసు చూసి మాత్రం ఆగలేకపోయాడు. "అమ్మా, ఇది ఆయనకు చేరదు. ఆయన ఇక ఎక్కడా లేరు. ఉన్నన్నాళ్ళు మనం ఏం పెట్టామో అదే ఆయనకు చేరింది. అయిపోతుంది కాబట్టే బతుక్కి విలువ" అన్నాడు. అమ్మ ఒకే ఒక్క మాట అడిగింది: "అయితే ఆయన పడ్డ కష్టమంతా బూడిదతో సరేనా?" వాడు జవాబు చెప్పలేదు. అప్పటి నుంచి గ్లాసు బోర్లించే ఉంది.

తమ్ముడు రాయి కాదు. ఆస్పత్రిలో పదకొండు రాత్రులు కుర్చీలో పడుకున్నది వాడే. అమ్మ మూఢురాలూ కాదు. నేనే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అంతా ఇక్కడితో సరి అనుకుంటే బతుకుకు బరువు వస్తుందా? తర్వాత ఎప్పటికీ ఉంటాం అనుకుంటే వస్తుందా? పుస్తకాల్లో ఏముందో కాదు, మీరు ఏది నమ్మి రోజు గడుపుతున్నారో చెప్పండి.

సెకండ్‌షిఫ్ట్

మీ తమ్ముడి మాట సరైనదే, చెప్పిన వేళ సరైనది కాదు.

నాకు పైలోకం మీద నమ్మకం లేదు. ఉన్నది ఇదొక్కటే అనుకున్న రోజు నుంచి నాకు బద్ధకం తగ్గింది. అన్నయ్యతో ఏడేళ్ళు మాటల్లేవు. "ఎప్పుడో ఒకప్పుడు కలుస్తాంలే" అనుకునేవాడిని. ఆ "ఎప్పుడో" అనేది ఏ లోకంలోనూ లేదని అర్థమయ్యాక, సెలవు పెట్టి శ్రీకాకుళం బస్సెక్కాను. శాశ్వతంగా ఉంటాం అనుకున్నవాడికి ఆ బస్సు ఈ రోజే ఎక్కాల్సిన తొందర ఎక్కడిది?

నీలిగన్నేరు

నాలుగు నెలలకే ఇంట్లో వాదనలు ఎందుకండీ. ముందు ఆ గ్లాసు మీరే తిప్పి పెట్టండి. తత్వం తర్వాత.

పాత_మాస్టారు

అమ్మాయీ, పుస్తకాలు వద్దన్నావు గానీ ఒకటి చెప్పనివ్వు. నీ ఇంట్లో వచ్చిన తగువే కఠోపనిషత్తులో నచికేతుడనే పిల్లవాడు యముడి దగ్గర పెట్టాడు. మూడో వరంగా అతను అడిగింది ఇదే: చనిపోయినవాడు ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటున్నారు, ఏది నిజం? యముడంతటివాడు "ఈ సందేహం పూర్వం దేవతలకూ ఉండేది, ఇంకేదైనా అడుగు" అని తప్పించుకోబోయాడు. బోలెడంత ఆయుష్షు ఇస్తానన్నాడు, ఏనుగులూ గుర్రాలూ బంగారం ఇస్తానన్నాడు. ఆ పిల్లవాడు "ఎంత ఆయుష్షయినా కొంచెమే, మనిషి డబ్బుతో తృప్తిపడేవాడు కాదు" అన్నాడు. కాబట్టి మీ తమ్ముడు కొత్తగా చెడిపోయాడని బెంగపడకు.

ఇంకో సంగతి. "శాశ్వతమైన స్వర్గం" అన్నది మన ఇళ్ళలో మనం అనుకునేంత సూటిగా లేదు. గీత తొమ్మిదో అధ్యాయం చూడు. స్వర్గానికి వెళ్ళినవాడు పుణ్యం ఖర్చయిపోయాక తిరిగి ఈ మర్త్యలోకానికే వస్తాడు. అంటే అదీ డిపాజిట్ అయిపోయేదాకా ఉండే బస లాంటిదే. ఎప్పటికీ నిలిచేది మోక్షం ఒక్కటే. అది ఒక చోటు కాదు, అక్కడ కాఫీలూ ఉండవు. మీ అమ్మ గ్లాసు పెట్టేది మోక్షం కోసం కాదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు చేతికి ఇంకా ఉంది, అంతే.

నల్లరేగడి

మాస్టారు చెప్పింది చదివాక ఒకటి తట్టింది. మన పెద్దవాళ్ళు దీవించేటప్పుడు ఏమంటారు? శతమానం భవతి. నిండు నూరేళ్ళు బతుకు. ఎవరినైనా తలుచుకుంటుండగానే గుమ్మంలోకి వస్తే "నీకు నూరేళ్ళు" అంటాం. ఎవరైనా పోతే "నూరేళ్ళు నిండాయి" అంటాం. "ఎప్పటికీ చావకు" అని దీవించిన ముసలమ్మను నేను ఇంతవరకు చూడలేదు. చావు లేకపోవడం మన కథల్లో శిక్షగా వచ్చింది. అశ్వత్థామకు కృష్ణుడు ఇచ్చిన శాపం అదే: మూడు వేల ఏళ్ళు రసి కారుతూ, మాట్లాడే మనిషి లేకుండా తిరుగు.

మన భాషకు లెక్క తెలుసు. నూరు చాలు.

కొబ్బరాకు

పెళ్ళి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ముందు "చిరంజీవి" అని వేయిస్తారు కదా నల్లరేగడి గారూ, దానికేమంటారు? :)

నల్లరేగడి

అది చిరకాలం, సర్వకాలం కాదు. పెళ్ళికూతురిని అడిగి చూడండి, ఎంతకాలం సరిపోతుందో చెబుతుంది.

చేమంతి_తోట

ముగింపు వల్లే విలువ అంటున్నవాళ్ళందరికీ ఒక మాట.

మా చెల్లెలి కొడుకు తొమ్మిదేళ్ళకు పోయాడు. లుకేమియా. రెండేళ్ళు చూపించాం. పోయే ముందు వారం వాడికి మామిడికాయ ఉప్పూకారం తినాలనిపించింది, సీజన్ కాదు, ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు సెకండ్‌షిఫ్ట్ గారు నా చెల్లెలి ఎదురుగా కూర్చుని "అయిపోతుంది కాబట్టే విలువ" అనగలరా? తొమ్మిదేళ్ళు అంటే తక్కువ కాబట్టి ఎక్కువ విలువా? స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. ఇప్పుడు 70 దాకా వచ్చింది. అంటే మన బతుకుల విలువ సగమైపోయిందా?

నా చెల్లెలు ప్రతి వేసవిలో మొదటి మామిడికాయ కోసి వాడి పేరు మీద వీధిలో పిల్లలకు పెడుతుంది. వాడు ఎక్కడో ఉన్నాడు అనుకోకపోతే ఆమె లేచి నిలబడేది కాదు.

సెకండ్‌షిఫ్ట్

చేమంతి_తోట గారూ, అనలేను. మీరు అడిగిన తర్వాత రాత్రంతా ఆలోచించాను. నిండుగా బతికిన మనిషిని దృష్టిలో పెట్టుకుని నేను ఆ మాట అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లాడి విషయంలో ముగింపు ఏ విలువా ఇవ్వలేదు, తీసుకుపోయింది అంతే. అది అన్యాయం, దాన్ని అన్యాయం అనే పిలవాలి. కానీ "ఎక్కడో ఉన్నాడు" అంటే ఆ అన్యాయం కాస్త తగ్గినట్టు అవుతుందేమో అని నా భయం. తగ్గకూడదు. ఇంకో పిల్లాడికి మందు అందాలంటే మనకు ఆ కోపం ఉండాలి.

చేమంతి_తోట

కోపం తగ్గలేదండీ. ఆమె రెండూ మోస్తోంది.

గల్ఫ్_గూడు

మాది జగిత్యాల దగ్గర పల్లె. పదమూడేళ్ళుగా మస్కట్‌లో ఉన్నాను. రెండేళ్ళకోసారి రెండు నెలల లీవు. లిమిట్ ఉంటేనే విలువ అనే మాట నాకంటే బాగా ఎవరికీ తెలియదు అనుకుంటారు. వినండి మరి.

లీవు మొదటి వారం బంగారం. రెండో వారం నుంచి లెక్క మొదలవుతుంది. ఇంకా నలభై రోజులు, ఇంకా ముప్ఫై. బిడ్డ ఒళ్ళో కూర్చుంటే ఆనందం కంటే ముందు లెక్క గుర్తొస్తుంది. ఆఖరి పది రోజులు అన్నం గొంతు దిగదు. తక్కువ ఉంటే తీపి ఎక్కువ అనేది నిజమే, కానీ ఆ తీపిని తిననివ్వని భయం కూడా దాంట్లోనే ఉంది. సెకండ్‌షిఫ్ట్ అన్న ఆ రెండో సగం చెప్పలేదు.

మా నాయన పోయినప్పుడు నేను రాలేకపోయాను. టికెట్ దొరికే సరికి ఆలస్యమైంది. తమ్ముడు ఫోన్ పట్టుకుంటే కాష్టం కాలడం వీడియో కాల్‌లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి "మీ నాయన ఇక ఎక్కడా లేడు" అంటే, ఆ కాల్ అక్కడే కట్ అయి ఉండిపోతుంది నాకు. ఎప్పటికీ బతకాలని నాకు ఆశ లేదు. ఒక్కసారి కలవాలి. ఐదు నిమిషాలు చాలు. దానికి పైలోకం కావాలంటే ఉండనీ.

ఇరానీచాయ్

గల్ఫ్_గూడు భాయ్, కళ్ళు తుడుచుకుని రాస్తున్నాను.

మా ఇంట్లో ఆఖిరత్, అంటే చావు తర్వాతి జీవితం, ఓదార్పు కంటే ముందు లెక్క. ఇక్కడ తిన్నది, దాచింది, ఒకరిని ఏడిపించింది అన్నీ అడుగుతారు అని చిన్నప్పటి నుంచి విన్నాను. కాబట్టి "శాశ్వత జీవితం నమ్మేవాడు ఈ లోకాన్ని తేలిగ్గా తీసుకుంటాడు" అనే మాట నాకు సరిపోదు. మాకు ఈ అరవై డెబ్బై ఏళ్ళే పరీక్ష హాలు. తర్వాత పేపర్ దిద్దడమే, రాయడానికి టైం ఉండదు.

ఇంకొకటి. మనిషి పోయాక అతని పనులన్నీ ఆగిపోతాయి, మూడు తప్ప అని హదీసులో ఉంది: ప్రవహిస్తూ ఉండే దానం, పదిమందికి పనికొచ్చే జ్ఞానం, అతని కోసం దువా (ప్రార్థన) చేసే మంచి సంతానం. మొదటిదాన్ని సదకా జారియా అంటాం. అబ్బా పోయాక మేం కర్నూలు దగ్గర ఆయన పుట్టిన ఊళ్ళో బోరు వేయించాం. నీళ్ళు పట్టుకునేవాళ్ళలో ఎక్కువమందికి ఆయన ఎవరో తెలియదు. షబేబరాత్ రాత్రి ఖబ్రస్తాన్‌కు వెళ్ళినప్పుడు ఆ బోరు సంగతి ఆయనకు చెప్తాను. మోటారు కాలిపోయిన సంవత్సరం అదీ చెప్పాను.

మైక్రోస్కోప్

నేను పాథాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. ఇటు వైపు నుంచి ఒకటి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు మన చేతికి ముందు వేళ్ళు ఉండవు, తెడ్డు లాగా ఉంటుంది. మధ్యలో ఉన్న కణాలు వాటంతట అవి చచ్చిపోతే వేళ్ళు విడివడతాయి. ఇప్పుడు మీరు ఈ పోస్టు టైప్ చేస్తున్న వేళ్ళు ఆ చావుల వల్ల వచ్చినవే. చావడం మర్చిపోయి విభజన చెందుతూ పోయే కణాన్ని మేం క్యాన్సర్ అని రిపోర్టు రాస్తాం. 1951లో అమెరికాలో హెన్రియెట్టా ల్యాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె గడ్డలోంచి తీసిన కణాలు ఈరోజుకీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఆమె పోయింది, ఆమెను చంపినవి ఉన్నాయి. వాటి మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి, మేలు జరిగింది, కాదనను. కానీ వాటిని "బతికి ఉన్న ఆమె" అనుకోవడం నాకు చేతకాదు.

ముగింపు లేకపోవడం దానంతట అదే గొప్ప కాదని నాకు అనిపించేది ఇందుకే.

కొవ్వొత్తి_వెలుగు

మైక్రోస్కోప్ గారూ, చాలా బాగా చెప్పారు, కానీ అక్కడే నాకు తేడా కనిపిస్తోంది. కణం చావకపోవడం వేరు, మనిషికి నిత్యజీవం వేరు. మా బైబిల్లో యోహాను సువార్త 17వ అధ్యాయంలో నిత్యజీవం అంటే ఏమిటో యేసు ప్రభువు చెబుతారు. ఇన్నేళ్ళు అని లెక్క చెప్పలేదు. దేవుణ్ణి ఎరగడమే నిత్యజీవం అన్నారు. పొడవు గురించి మాట్లాడలేదు, లోతు గురించి మాట్లాడారు. అది ఇక్కడే మొదలవుతుంది.

మాది గుంటూరు దగ్గర పల్లె. నవంబరు 2న ఊరంతా సమాధుల తోటకు వెళ్తాం. ముందు రోజే సున్నం వేస్తాం, చీకటి పడే వేళకు బంతిపూలు, కొవ్వొత్తులు. గాలికి ఆరిపోతే పక్క సమాధి దగ్గరి దాంతో మళ్ళీ వెలిగిస్తాం. అది ఎవరి సమాధి అని ఎవరూ చూడరు. మా నాన్నతో పొలం గట్టు తగాదా పెట్టుకున్న ఆయన సమాధి మా నాన్న పక్కనే ఉంది. పోయినేడు వాళ్ళబ్బాయి మా కొవ్వొత్తి వెలిగించాడు. "మళ్ళీ లేస్తారు" అనే ఆశ లేకపోతే ఆ తగాదా వాళ్ళిద్దరితో పాటే మట్టిలో ఉండిపోయేది, మేం దాన్ని తవ్వుకుంటూ ఉండేవాళ్ళం.

పాలపిట్ట_92

కరీంనగర్‌లో కార్ఖానగడ్డ శ్మశానంలో కొన్ని కుటుంబాలు దీపావళి చేసుకుంటాయి, తెలుసా? సమాధులకు రంగులు వేసి, పూలు పెట్టి, పోయినవాళ్ళకు ఇష్టమైన పిండివంటలు పెట్టి, అక్కడే పటాకులు కాలుస్తారు. కొవ్వొత్తి_వెలుగు గారి పోస్టు చదివి గుర్తొచ్చింది.

మాకు పెత్రమాస (మహాలయ అమావాస్య) కూడా అట్లాంటిదే. పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తాం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పోయినవాళ్ళు, సాయంత్రం బతుకు, ఒకే రోజు, ఒకే వాకిలి. తొమ్మిది రోజులు తంగేడు, గునుగు పేర్చి ఆడి, సద్దుల నాడు మన చేతులతోనే చెరువులో వదిలేస్తాం. దాచుకోవాలని ఎవరూ అనుకోరు. వచ్చే ఏడు మళ్ళీ పేరుస్తాం. కొత్త పూలు, పాత పాట.

మీరు అడిగిన రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మా అమ్మమ్మ ఒకే రోజు రెండూ చేసేది.

రాగిసంకటి

అందరూ మంచి మాటలు చెబుతున్నారు. నాకు కొంచెం చేదు మాట ఉంది, ఓర్చుకోండి.

నా కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పటి నుంచి ఎంతమంది అన్నారో, "పోయిన జన్మలో ఏం పాపం చేసుకున్నావో తల్లీ" అని. జాలితోనే అన్నారు. మా ఇంట్లోనూ అదే మాట. "రాత, అనుభవించాలి, వచ్చే జన్మలోనైనా బాగుంటాడు" అని రెండేళ్ళు పూజలతో గడిపాం. వచ్చే జన్మ అనే మాట నా తల్లోంచి తీసేసిన రోజే వాణ్ణి ఎత్తుకుని ఫిజియోథెరపీకి బస్సెక్కాను. ఆ డాక్టరమ్మ "ఇంకా ముందే తేవాల్సింది" అంది. ఆ రెండేళ్ళు ఎవరిస్తారు నాకు?

ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు. గోడ పట్టుకుని వంటింటి దాకా వస్తాడు. వాడికి ఉన్నది ఈ జన్మే అని నేను నమ్ముతాను. అట్లా నమ్మకపోతే ఆ గోడ వెంబడి పది అడుగులు మాకు ఉండేవి కావు.

పాత_మాస్టారు

రాగిసంకటి తల్లీ, మీ మాట చేదు కాదు. మాకు తగలాల్సిందే. నా సర్వీసులో కూడా ఒక పిల్లవాణ్ణి చూసి "పూర్వకర్మ" అని నేనే అన్నాను, వాళ్ళ నాన్న వింటుండగా. ఇప్పుడు ఆ మనిషి ముఖం గుర్తొస్తోంది. కర్మ అనేది తన తప్పు తాను దిద్దుకోవడానికి మనిషి తనకు తాను చెప్పుకోవాల్సిన మాట. ఎదుటివాడి కష్టం మీద వేయడానికి కాదు.

రాగిసంకటి

మీరు మంచివారు కాబట్టి అలా అంటున్నారు మాస్టారూ. నాకు చెప్పినవాళ్ళెవరూ ఆ మాట తమకు తాము చెప్పుకోలేదు.

సెకండ్‌షిఫ్ట్

నేను చెప్పాలనుకున్నది రాగిసంకటి గారు నాకంటే బాగా చెప్పారు.

ఒక్కటి కలుపుతాను. దేవుడు, పరలోకం లేకపోతే మనిషి తిని తిరుగుతాడు, ఎవరి కోసం ఏమీ చేయడు అంటారు. నాస్తికుడైన గోరా (గోపరాజు రామచంద్రరావు) గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకు తెచ్చారు. అన్ని కులాలవాళ్ళతో కలిసి భోజనాలు పెట్టించారు. అంటరానివాళ్ళంటూ ఊరు దూరం పెట్టిన కులం అబ్బాయికి తన పెద్దకూతురినిచ్చి 1948లో సేవాగ్రామ్‌లో పెళ్ళి చేశారు. ఆయనకు పైన ఏ బహుమానమూ లేదు, ఆయన దాన్ని నమ్మనే లేదు. ఎదురుగా ఉన్న మనిషే చాలు అనుకున్నారు.

మిన్నేరు

సెకండ్‌షిఫ్ట్ గారూ, గోరా గారి మీద నాకూ గౌరవమే. కానీ ఎదురుగా ఉన్న మనిషి చాలు అనుకోవడం పైలోకం నమ్మేవాళ్ళకూ వీలవుతుంది కదా. మా అమ్మ నేత్రదానం చేసింది. పోయిన ఆరు గంటల్లోపు తీయాలి. ఐబ్యాంకు వాళ్ళు వచ్చి ఇరవై నిమిషాల్లో పని ముగించారు, ముఖం ఏమాత్రం మారలేదు. వాళ్ళు వచ్చేలోపు బంధువులు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు. "కళ్ళు తీస్తే వచ్చే జన్మలో గుడ్డిదిగా పుడుతుంది" అని మా పెద్దమ్మ శోకాలు.

అమ్మకు పునర్జన్మ మీద గట్టి నమ్మకం. ఆ ఫారం మీద సంతకం పెట్టిన రోజున నేనూ ఇదే అడిగాను. "మళ్ళీ పుడితే కళ్ళు వాడే ఇస్తాడు. ఇవి ఎట్లాగూ కాలేవేగా" అంది. ఆ మాటే గుమ్మంలో పెద్దమ్మకు చెప్పాను. పక్కకు జరిగింది. కార్నియాలు ఎవరికి పెట్టారో మాకు చెప్పరు. ఆటోలో ఎదురుగా కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి చూడటం అలవాటైంది నాకు.

నమ్మకం ఒకటే. పెద్దమ్మ చేతిలో అడ్డమైంది, అమ్మ చేతిలో దారి అయింది.

కొబ్బరాకు

పైన నవ్వుతూ అడిగి వెళ్ళిపోయాను, ఇదంతా చదివాక మళ్ళీ వచ్చాను. మా నాయనమ్మ ఆఖరి రోజుల్లో గరుడపురాణం చదువుతున్న పంతులుగారిని ఆపి, "స్వర్గంలో కొత్తావకాయ ఉంటుందా నాయనా?" అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి "ఉండదమ్మా" అన్నారు. "అయితే ఇప్పుడే కలపండి" అంది. మే నెల. అన్నంలో వేడి నెయ్యి వేసి కలిపి మూడు ముద్దలు పెట్టాను. ఇది ఎవరి పక్షమో మీరే చెప్పండి.

గల్ఫ్_గూడు

నాయనమ్మ పక్షం.

వానచినుకు

అమరావతి స్తూపం చుట్టుపక్కల పెరిగినదాన్ని, బుద్ధుడి మాట ఒకటి వదిలి వెళ్తాను. చనిపోయాక ఉంటామా, ఉండమా అని ఒక శిష్యుడు పట్టుబట్టి అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. విషబాణం గుచ్చుకున్నవాడు దాన్ని కొట్టినవాడి కులమేమిటి, విల్లు ఏ కర్రతో చేశారు అని తేలేదాకా బాణం తీయనివ్వనంటే, తేలేలోపే పోతాడు అన్నారు. తులసికోట గారూ, మీ ఇంట్లో బాణం గుచ్చుకున్నది ఇద్దరికి. అమ్మ సంగతే అందరం మాట్లాడుతున్నాం. ఆ పదకొండు రాత్రులు కుర్చీలో పడుకున్న అబ్బాయిని ఎవరైనా అడిగారా?

నీలిగన్నేరు

వానచినుకు గారు సరిగ్గా పట్టుకున్నారు. "ఉన్నన్నాళ్ళు మనం ఏం పెట్టామో అదే చేరింది" అన్నాడంటే, తను ఏదో పెట్టలేదని ఆ అబ్బాయి మనసులో ఉంది. అది వాదన కాదు.

తులసికోట

అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. కొన్ని అమ్మకు చదివి వినిపించాను. గల్ఫ్_గూడు గారిది చదువుతుంటే లేచి వెళ్ళిపోయింది, కాసేపయ్యాక వచ్చి "ఆ అబ్బాయిని ఈసారి లీవుకి వచ్చినప్పుడు మనింటికి రమ్మను" అంది.

వానచినుకు గారూ, నీలిగన్నేరు గారూ, మీరు అన్నాక నిన్న రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. వాదన సంగతి ఎత్తలేదు. ఆస్పత్రి రాత్రుల గురించి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. తొమ్మిదో రాత్రి నాన్న కాఫీ అడిగారట. ఏమీ ఇవ్వొద్దని నర్సు చెప్పి ఉంది కాబట్టి "రేపు నాన్నా" అన్నాడట. ఆ రేపటి నుంచి నాన్నకు మాట లేదు. గ్లాసు చూసి వాడు ఎందుకు ఆగలేకపోయాడో నాకు అప్పుడు అర్థమైంది. ఇన్ని రోజులు వాడు అమ్మ నమ్మకంతో పోట్లాడుతున్నాడని అనుకున్నాను.

వాడి అభిప్రాయం మారలేదు. నాన్న ఎక్కడా లేరనే ఇప్పటికీ అంటున్నాడు. అమ్మ ఉన్నారనే అంటోంది. నేను ఇంకా మధ్యలోనే ఉన్నాను, కానీ అది ఇప్పుడు మునుపటంత ఇబ్బందిగా లేదు.

ఈ పొద్దున ఆరింటికి అమ్మ ఫోన్ మోగింది. తమ్ముడు. "నాన్న కాఫీలో చక్కెర ఎంత వేసుకునేవారు?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ గ్లాసు తిప్పి పెడుతూ, "చెంచాన్నర. డాక్టరు వద్దన్నాక కూడా చెంచాన్నరే, నీకు చెప్పొద్దనేవారు" అంది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు.

గల్ఫ్_గూడు

వస్తానని చెప్పండి అమ్మకు. మార్చిలో లీవు. నాకు రెండు చెంచాలు.